జంటముడివాడు

గబ్బిలాల కొండ నడుమున ఒక బండ మీద నిలబడి రేచన తన నీడ వంక చూసుకున్నాడు. పొద్దున బయలుదేరినప్పుడు తాడిచెట్టంత పొడుగున్న నీడ ఇప్పుడు మూరెడైంది. అది జానెడై, బెత్తెడై, పాదాల కింద దూరి మాయమయ్యే క్షణమే అభిజిల్లగ్నం. సరిగ్గా ఆ లగ్నానికి ధూమ్రజటి అనే మాంత్రికుడు రేచన అక్క కుందమను మూసలోకి దించబోతున్నాడు.

మూస అంటే కంసాలి ముందుండే చిన్న మూస అనుకునేరు. ఆ పాపిష్టివాడు తన మూసలో మనుషులను కరిగిస్తాడు. ఎందుకో చెబుతాను, వినండి. వింటూ భయపడినా తప్పు లేదు. చెప్పే నాకే ఒళ్ళు జలదరిస్తోంది.

మకరాంక రాజ్యంలో పన్నెండో ఏట ప్రతి బిడ్డకూ విద్యముడి వేస్తారు. కత్తి పట్టేవాడికి ఎర్రదారం, మంత్రం నేర్చేవాడికి పసుపు, వైద్యానికి ఆకుపచ్చ. ఆఖరికి గోడలకు కన్నాలు వేసే చోరవిద్యకు కూడా అక్కడ గురువులున్నారు, నల్లదారం ఉంది. బిడ్డ తనంతట తాను చెయ్యి చాచాలి, గురువు ముడి వేయాలి. బలవంతాన వేసిన ముడి నిలవదు. ఒక ఒంటికి ఒకే ముడి. రెండోది వేయించుకున్నవాణ్ణి జంటముడివాడని పేరుపెట్టి పొలిమేర దాటిస్తారు. రెండు విద్యలు ఒక ఒంట్లో చేరితే సవతుల్లా కొట్టుకుని చివరికి మనిషినే తినేస్తాయని అక్కడివాళ్ళ నమ్మకం. పెళ్ళిపీటల మీద మూడు ముళ్ళు వేయడానికి ఎగిరి గంతేసే మగవాళ్ళు కూడా ఆ రాజ్యంలో రెండు ముళ్ళనేసరికి గజగజ వణికేవారు.

ధూమ్రజటికి ఒకటి కాదు, రెండు కాదు, నాలుగు విద్యలూ ఒకే ఒంట్లో ఉన్న మనిషి కావాలి. అలాంటివాడి ముందు ఏ కత్తీ నిలవదు, ఏ మంత్రమూ వాణ్ణి కట్టదు, ఏ కోట తలుపూ ఆపదు, తగిలిన గాయం తగిలిన చోటే మానిపోతుంది. వాణ్ణి చేతిలో పెట్టుకుని సింహాసనం ఎక్కాలని ఆ మాంత్రికుడి ఎత్తు. ఆ ఎత్తులో ఏడు నెలల కిందట కత్తిగురువు కాటయ మాయమయ్యాడు. ఆయన వెనకే ఒక మంత్రవేత్త, ఒక గజదొంగ. ఇక మిగిలింది వైద్యం. మూడు రోజుల కిందట అడవిలో వేళ్ళు తవ్వుకుంటున్న కుందమను వాడు పట్టుకుపోయాడు.

రేచన కాటయ శిష్యుడు. ఇరవై రెండేళ్ళవాడు, సరిహద్దు కోటలో సైనికుడు. కత్తివిద్యలో ఉన్న పన్నెండు మెట్లలో ఏడో మెట్టెక్కినవాడు. గురువు మాయమైన మర్నాడే, కత్తితో మాంత్రికుణ్ణి గెలవలేనని గ్రహించి, అడవిలో ఉండే మంత్రగురువు శంఖయ్య దగ్గరికి వెళ్ళి దొంగచాటుగా రెండో చెయ్యి చాచాడు. ఏడో మెట్టు మీద ఉన్నవాడు మళ్ళీ ఒకటో మెట్టు మీద కూర్చుని అక్షరాలు దిద్దుకోవలసి వచ్చింది. ఈలోగా సాటి సైనికులు తొమ్మిదో మెట్టుకు పోయారు. రేచన మణికట్టున ఎర్రముడి అందరికీ కనిపించేది. ఎడమచేతి పసుపుముడిని తోలుపట్టీ కింద దాచి తిరిగేవాడు. సొంత అక్కకు కూడా చెప్పలేదు.

శంఖయ్య రెండు మాటలు చెప్పి పంపాడు. "ఒంటి మీద గుండుసూదంత ఇనుమున్నా మంత్రం పలకదు. ఇక రెండోది. కత్తి దూసేటప్పుడు మీరంతా 'హుం' అని ఊపిరి వదులుతారే, ఆ హుంకారం మంత్రం చివర పడిందా, మంత్రం తిరగబడుతుంది నాయనా. నిద్రపుచ్చేది లేపి కూర్చోబెడుతుంది. జాగ్రత్త!"

జాగ్రత్తపడటానికి రేచన ఏడు నెలలు చచ్చీ చెడీ సాధన చేశాడు. అయినా పదిసార్లలో మూడుసార్లు ఆ దిక్కుమాలిన 'హుం' నోట్లోంచి జారిపడుతూనే ఉండేది. పదేళ్ళ అలవాటు మరి.

"ఏందబ్బీ, నీడ కొలుచుకుంటా నిలబడితే అది పెరుగుద్దా? రా, వొంగు," అని కింది పొదలోంచి ఒక గొంతు కసిరింది.

ఆ గొంతు ఈరవ్వది. అరవై అయిదేళ్ళ మనిషి, నల్లముడి మనిషి. ఒకప్పుడు మూడు కోటల కోశాగారాల్లో పగటిపూటే నడిచి వచ్చిన ఘనురాలు. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులతో ఇంటిపట్టున ఉంది. ఆ మోకాళ్ళకు నూనె కాచి మర్దనా చేసింది కుందమే. రేచన వెళ్ళి కాళ్ళ మీద పడగానే, "ఆ పిల్ల లేకుంటే నా మోకాళ్ళను ఎవరు చూస్తార్రా!" అని తిట్టుకుంటూనే బయలుదేరింది.

"అవ్వా, నాకు భయంగా ఉంది," అన్నాడు రేచన.

"నాకు లేదనుకున్నావా? నోర్మూసుకుని రా."

కొండ చీలికలో కంచు తలుపు ఉంది. దాని నిండా వెయ్యి గబ్బిలాలు పోతపోసి ఉన్నాయి. ఒక్కొక్కదాని కళ్ళల్లో కెంపులు పొదిగి ఉన్నాయి. ఈరవ్వ కొప్పులోంచి వంకర చువ్వ తీసి, కళ్ళు మూసుకుని, తాళంలోపల దేనితోనో గుసగుసలాడినట్టు తిప్పింది. తలుపు చప్పుడు చేయకుండా తెరుచుకుంది. లోపల కనిపించిన దానితో ఇద్దరి పైప్రాణాలు పైనే పోయాయి.

పొడుగాటి నడవ. అటు ఇరవై మంది, ఇటు ఇరవై మంది రాతిభటులు. ఒక్కొక్కడు రేచనకు రెండింతలున్నాడు. భుజాల మీద రాతి గదలున్నాయి. అందరి కళ్ళూ సగం మూసి ఉన్నాయి. రాతి ఛాతీలు మెల్లగా లేస్తున్నాయి, దిగుతున్నాయి.

"కోడికునుకులో ఉండారు. మన అడుగు చప్పుడికే లేస్తారు. నీ మంత్రమేదో వేసి బాగా నిద్రపుచ్చు," అంది ఈరవ్వ చెవిలో.

రేచన ఇనుము విప్పడం మొదలుపెట్టాడు. ముందు కత్తి, తర్వాత బాకు, తర్వాత నడికట్టు కొక్కెం. ఒక్కొక్కటీ నేల మీద పెడుతుంటే ఒక్కొక్క ప్రాణం పోతున్నట్టే ఉంది. అంతా అయిందనుకుని పెదవి కదిపితే మంత్రం రాలేదు. నాలుక రాయిలా పడి ఉంది. ఇంకా ఎక్కడుంది ఇనుము? ఒళ్ళంతా తడుముకున్నాడు. అప్పుడు గుర్తొచ్చింది, చెప్పుల మేకులు! చెప్పులు విప్పి ఉత్తకాళ్ళతో ఆ చల్లని రాతి మీద నిలబడ్డాడు. చేతిలో కత్తి లేకుండా శత్రువు గడపలో నిలబడటం వాడికి పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు.

ఇరవై నాలుగు అక్షరాల నిద్రామంత్రం. పది దాటాయి. పదిహేను దాటాయి. భటుల గురక బరువెక్కింది. ఇరవై. ఇరవై రెండు. సరిగ్గా అప్పుడు దగ్గరున్న రాతిభటుడు నిద్రలో చిటికెనవేలు కదిపాడు.

 లేని కత్తి కోసం రేచన చెయ్యి దానంతట అదే పైకి లేచింది. ఇరవై నాలుగో అక్షరం వెనకే, పదేళ్ళ అలవాటు ప్రకారం ఊపిరి బయటికి దూకింది.

"హుం!"

ఎనభై కళ్ళు ఒక్కసారి తెరుచుకున్నాయి.

"ఓరి నీ నోరు పడ! పదరా!" అని ఈరవ్వ మోకాళ్ళ నొప్పి సంగతే మరిచిపోయి లేడిలా దూకింది. రేచన కత్తి ఒక్కటే అందుకోగలిగాడు. చెప్పులు, బాకు అక్కడే పోయాయి. మొదటి గద వాడు నిలబడిన చోట పడి నేల పగిలింది. రెండోది వాడి తల వెంట్రుకలు తాకుతూ పోయి అవతలి భటుడి మోకాలు విరగ్గొట్టింది. దుమ్ములో, రాళ్ళ వానలో, భటుల కాళ్ళ మధ్యనుంచి ఇద్దరూ పాకారు. గోడలో నల్లగా ఒక రంధ్రం కనబడింది.

"పొగగొట్టం! మూస ఉన్నచోట పొగ పోవడానికి దారి ఉండక తప్పదు. దూరు!" అంది ఈరవ్వ.

దూరారు. వెనక రాతి చేతులు రంధ్రం అంచు దాకా వచ్చి ఆగిపోయాయి. అంత పెద్ద ఒళ్ళు దాంట్లో పట్టవు. కాని భటులు ఊరుకోలేదు. చుట్టుదారిన నడుస్తున్న వాళ్ళ అడుగులు కొండను అదరగొట్టాయి. ఆ అదురుకు గొట్టంలో మసి రాలి, పట్టు తప్పి, రేచన సర్రున జారిపోయాడు. ఈరవ్వ మాత్రం ముసలి వేళ్ళతో ఒక రాతి పగులు పట్టుకుని వేలాడింది. దొంగచేతులు కదా, పట్టిందేదీ వదలవు.

రేచన పడిన చోటు వర్ణించాలంటే నా నోరు చాలదు. ఆ మందిరం గోడలన్నీ అభ్రకపు పలకలు. కప్పు నడిమధ్యన ఏనుగు పట్టేంత కంత. ఆ కంతలోంచి దిగిన ఎండ అభ్రకం మీద పడి, వేయి ముక్కలై, పచ్చగా ఎర్రగా నీలంగా నేలంతా పాకుతోంది. మధ్యలో ఇద్దరు మనుషుల ఎత్తున నల్లని మూస ఉంది. దాని కింద నిప్పు లేదు, కట్టె లేదు. నడినెత్తికొచ్చిన సూర్యుడే దానికి కొలిమి. ఎండ అప్పటికే మూస అంచును తాకింది. అంచు ఎర్రగా కాలి బుసబుసమంటోంది. అంత అందమైన చోట అంత భయంకరమైన పని జరగడమేమిటో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

మూస పక్కనున్న రాతి అరుగు మీద కుందమ నిలబడి ఉంది. ఒంటి మీద తాడు లేదు, గొలుసు లేదు. కనబడని మంత్రబంధం ఆమెను మెడ దాకా బిగించింది.

"ఒరే రేచనా! నిన్నెవర్రా రమ్మంది? వెనక్కి పో! పోరా!" అని అరిచింది తమ్ముణ్ణి చూడగానే.

పోవడానికి దారేది? ఎదురుగా ధూమ్రజటి ఉన్నాడు. పొడుగాటి బక్కమనిషి. జడలు కట్టిన వాడి జుట్టులోంచి సన్నగా పొగ లేస్తోంది. వాడు నవ్వి, పక్కకు తప్పుకున్నాడు. వాడి వెనక నుంచి ఇంకొకటి ముందుకొచ్చింది.

దాన్ని మనిషి అనడానికి నోరు రాదు. మూడు ఒళ్ళు కరిగించి అతికిన ఒకే ఒళ్ళు. మెడ నుంచి నాభి దాకా నల్లని అతుకులున్నాయి. మణికట్టున ఎరుపు, పసుపు, నలుపు, మూడు దారాలున్నాయి. మొహంలో ఎడమ సగం ఎవరిదో. కుడి సగం, కనుబొమ మీద పాత గాటుతో సహా, గురువు కాటయది.

"కాలు ముందుకెయ్యరా గాడిదా, నడుం వంచకు," అంది అది, కాటయ గొంతుతో.

రోజూ సాముగరిడీలో ఆ గొంతు అలాగే తిట్టేది. అక్కడ తిట్టు తర్వాత భుజం మీద చెయ్యి పడేది. ఇక్కడ కత్తి పడింది.

రేచన అడ్డుకున్నాడు. రెండో దెబ్బ ఎటు వస్తుందో తెలుసు. మూడోదీ తెలుసు. అన్నీ గురువు నేర్పినవే. తెలిసి ఏం లాభం? గురువును ఏనాడూ గెలిచినవాడు కాదు. పైగా ఏడు నెలలుగా అక్షరాలు దిద్దుకుంటూ చెయ్యి మొద్దుబారింది. నాలుగో దెబ్బకు మోకాలి మీద పడ్డాడు. అయిదో దెబ్బకు కత్తి ఎగిరి మూసలో పడింది. అంచు తాకిన ఎండకే అది మైనంలా కరిగిపోయింది. మూడు విద్యల మనిషి కత్తి మొన వాడి గొంతుకు ఆనించింది.

"చంపకు! కట్టు! నా తలుపు దాటి వచ్చినవాడెవడో నాకు తెలియాలి," అని అరిచాడు ధూమ్రజటి.

ఆ మాట వినగానే అది చేతిలో కత్తిని దూరంగా విసిరేసింది. ఇనుముంటే దానికీ మంత్రం పలకదు మరి. పసుపుదారం ఉన్న చెయ్యెత్తి బంధమంత్రం అందుకుంది. ఈసారి గొంతు కాటయది కాదు, మంత్రవేత్తది. స్పష్టంగా, తడబాటు లేకుండా ఒక్కొక్క అక్షరం పడుతోంది. రేచన వేళ్ళు బిగుసుకున్నాయి. మోచేతులు బిగుసుకున్నాయి. ఊపిరి బిగుసుకుంటోంది. అక్క మొహం వంక చూశాడు. అదే ఆఖరి చూపనుకున్నాడు.

చివరి అక్షరం పడింది. వెంటనే, యాభై ఏళ్ళు కత్తి తిప్పిన కాటయ ఊపిరి ఆ ఛాతీలోంచి దూకింది.

"హుం!"

మంత్రం తిరగబడింది. గురువులు వేసిన విద్యముళ్ళు తప్ప ఆ మందిరంలో కట్టి ఉన్నవన్నీ ఒక్కసారి ఊడిపోయాయి. కుందమ మంత్రబంధం ఊడింది. పొగగొట్టంలో వేలాడుతున్న ఈరవ్వ కొప్పు ఊడింది. ధూమ్రజటి నడికట్టు జారిపోతే రెండు చేతులా పట్టుకున్నాడు. మూడు విద్యల మనిషి అతుకులన్నీ పటపటమని విడిపోయాయి. అది నేల మీద మూడు బూడిద కుప్పలైంది. కూలిపోయే ముందు కాటయ సగం మొహం శిష్యుడి వంక చూసి ఏదో అనబోయింది. మాట రాలేదు. మూడు దారాలు మాత్రం బూడిద మీద పడి ఉన్నాయి.

"అక్కా!" అని రేచన కుందమ చెయ్యి అందుకున్నాడు. ఇద్దరూ మందిరం ద్వారం వైపు పరిగెత్తారు. ద్వారం నిండా రాతిభటులున్నారు. చుట్టుదారి పూర్తి చేసుకుని అప్పుడే వచ్చారు.

"నన్ను తెచ్చినప్పుడు వీళ్ళు నిద్రలో ఉన్నారు కదరా. ఎవరు లేపారు?" అంది కుందమ.

రేచన నేల చూపులు చూశాడు. "తర్వాత చెబుతాలే అక్కా."

చెప్పే తీరిక దొరకలేదు. భటులు చెరో రెక్కా పట్టుకుని కుందమను మళ్ళీ అరుగెక్కించారు. ఇద్దరు రేచనను నేలకు అదిమారు. ధూమ్రజటి నడికట్టు బిగించుకుంటూ, రోషంతో రొప్పుతూ వచ్చాడు. కాలెత్తి తన్నబోయి ఆగిపోయాడు. రేచన ఎడమచేతి తోలుపట్టీ కూడా అందరి కట్లతో పాటే ఊడిపోయింది. పసుపుముడి ఎండలో మెరుస్తోంది.

మాంత్రికుడు మోకాళ్ళ మీద కూర్చుని, ఆ చేతిని తన చేతుల్లోకి తీసుకుని, ఇటు ఎర్రముడినీ అటు పసుపుముడినీ మార్చి మార్చి చూశాడు. "రెండు ముళ్ళు. ఎంత కాలమైంది?"

"ఏడు నెలలు."

"ఏడు నెలలుగా బతికే ఉన్నావా? అతుకు లేదు, పగులు లేదు!" వాడు ఆ ముళ్ళను వేలితో తడిమాడు. "ఏళ్ళ తరబడి పదకొండు ఒళ్ళు కరిగించి అతికాను. ఒక్కటీ నిలవలేదు. నాకు కావలసినవాడు తనంతట తాను నడిచి నా గుమ్మంలోకి వచ్చాడు!"

కుందమ నిర్ఘాంతపోయి తమ్ముడి చెయ్యి చూసింది. "ఎంత పని చేశావురా! నాతో ఒక్క మాట చెప్పకపోయావా?"

ఎండ మూస అంచు దాటి లోపలికి దిగుతోంది. అరుగు మీద కుందమ నీడ బెత్తెడుంది. ధూమ్రజటి బూడిదలోంచి గజదొంగ నల్లదారం తీసి దులిపాడు.

"విను. నీ అక్క నాకిక అక్కర్లేదు. వైద్యులు వెయ్యిమంది దొరుకుతారు, నీ వంటి ఒళ్ళు ఇంకొకటి దొరకదు. ఈ మూడో ముడికి నీ అంతట నువ్వు చెయ్యి చాచు. ఆమె ఈ క్షణమే నడిచి వెళ్ళిపోతుంది, ఎవ్వరూ అడ్డుపడరు. నా జడల మీద ఆన. చాచలేదా, ఆమెను ఆ మూసలోకి దించుతాను, నువ్వే చూద్దువుగాని."

భటులు కుందమను అరుగు అంచుకు నెట్టారు. ఆమె పమిట చెంగు వేడికి కమిలి వాసన వచ్చింది.

"ముడి వేస్తే నాకేమవుతుంది?" అన్నాడు రేచన చివరికి.

"ఒళ్ళొక కుండ. నిండిన కుండలో ఇంకొకటి పోస్తే ఏదో పొర్లిపోతుంది. ఏది పొర్లుతుందో నాకూ తెలియదు."

"మరి రెండో ముడి పడ్డప్పుడు నాకేమీ పోలేదే!"

"పోలేదని నీకెలా తెలుసు?" అన్నాడు ధూమ్రజటి నింపాదిగా. "పోయింది కదా!"

ఏం పోయి ఉంటుంది? రేచన వెతుక్కున్నాడు. లేనిదాన్ని ఎక్కడని వెతుకుతాడు! గబగబా ఉన్నవన్నీ తలుచుకున్నాడు. తన పేరు ఉంది. ఊరి పేరు ఉంది. కత్తి పట్టు ఉంది. పోతే మంత్రం పోతుంది, ఆఖరున చేరింది అదే కదా, పోతే పోనీ అని మనసుకు నచ్చజెప్పుకున్నాడు. అలా చెప్పుకోకపోతే చెయ్యి లేచేది కాదు.

"వద్దురా! ఒరే, చెయ్యి చాచావంటే ఇంటి గడప తొక్కనివ్వను! నా మాట వినరా, నా బంగారు కదూ, వద్దురా!" కుందమ తిట్టింది, బతిమాలింది, మళ్ళీ తిట్టింది.

రేచన అక్క వంక చూస్తూ కుడిచెయ్యి చాచాడు. ఆమె నీడ పాదాల కింద దూరిపోయింది.

ముడి పడింది. ముందు వేళ్ళ చివర్లు జిలజిలమన్నాయి. ఎన్నడూ చూడని తాళాలు, వాటి లోపలి పళ్ళు, గోడల్లో బోలు చోట్లు, చప్పుడు లేని అడుగులు, ఒక జీవితమంతా చేసిన దొంగతనాలు వరదలా వచ్చిపడ్డాయి. వాడు పళ్ళు కరచి తట్టుకున్నాడు. రెండు భుజాలూ ఎగిరెగిరి పడ్డాయి. ఆ పైన అంతా సద్దుమణిగింది. భటులు చేతులు తీశారు. వాడు లేచి నిలబడి, నిద్ర లేచినవాడిలా మొహం తుడుచుకుని చుట్టూ చూశాడు.

అరుగు మీద ఒక స్త్రీ ఏడుస్తోంది.

"ఎవరమ్మా మీరు?" అన్నాడు రేచన జాలిగా. "ఎందుకు ఏడుస్తున్నారు?"

పైన గొట్టంలో ఈరవ్వ కొంగు నోట్లో కుక్కుకుంది. ధూమ్రజటి ఒక్కడే నవ్వాడు. "ఆన ప్రకారం నిన్ను వదిలాను. వెళ్ళు. వీడు ఇక నీవాడు కాడు."

'ఒరే' అని పిలవబోయి కుందమ ఆగింది. ఆమె వైద్యురాలు. జ్వరం తలకెక్కి సొంతవాళ్ళను గుర్తుపట్టని రోగులను ఎందరినో చూసింది. వాళ్ళను నిలదీస్తే బెదిరిపోతారు, మీదపడి కొడతారు. వాళ్ళు ఏ దారి పట్టుకుంటే ఆ దారినే వెంట నడిచి ఒడ్డుకు తేవాలి. ఇప్పుడు ఎదురుగా నిలబడినవాడు మూడు విద్యలవాడు. ఒక్క తప్పు మాట పడితే ఆ చేతుల్లోనే చస్తుంది. లేదా, అంతకంటే ఘోరం, వాణ్ణి ఇక్కడే వదిలి తాను బతికి పోతుంది.

ఆమె కళ్ళు తుడుచుకుని అరుగు దిగింది. చేతులు జోడించింది.

"దారి తప్పిన దాన్నయ్యా. ఒంటరి ఆడదాన్ని. ఈ కొండ దిగడం నా వల్ల కాదు. మీరు ఎర్రముడి ఉన్నవారిలా ఉన్నారు. కింద ఊరి దాకా నన్ను సాగనంపగలరా?"

ఇరవై రెండేళ్ళలో ఆమె వాణ్ణి 'మీరు' అనలేదు. ఆ మాట నోట్లోంచి వస్తుంటే నాలుక తెగినట్టయింది.

రేచన తన చేతి ఎర్రదారం చూసుకున్నాడు. తోడు అడిగిన ఆడదాన్ని కాదనడం కత్తి పట్టినవాడికి తగదు. అది వాడికి పోలేదు. "భయపడకండమ్మా. నేను దింపి వస్తాను," అన్నాడు. మందిరం మూలన పడి ఉన్న గురువు కత్తి తీసుకుని నడుముకు దోపుకున్నాడు.

"ఆగు!" అన్నాడు ధూమ్రజటి.

"ఆడమనిషి అడిగింది. దింపి వస్తాను," అన్నాడు రేచన మళ్ళీ, వాడి కళ్ళల్లోకి చూస్తూ.

ధూమ్రజటి చెయ్యి సగం లేచి ఆగిపోయింది. ఆమెకు అడ్డుపడనని జడల మీద ఆన పెట్టాడు. వీణ్ణి బలవంతాన ఆపితే ఇంకా పచ్చిగా ఉన్న మూడో ముడి నిలవదు. "పొద్దు వాలేలోగా రా," అన్నాడు పళ్ళ మధ్య నుంచి. రాతిభటుల వంక చూసి, వెంట వెళ్ళమన్నట్టు కనుబొమ ఎగరేశాడు.

పైన ఈరవ్వ చప్పుడు లేకుండా వచ్చిన దారినే వెనక్కి పాకింది. ద్వారంలో భటులు రెండు వరుసలుగా తప్పుకున్నారు. రేచన ముందు, కుందమ రెండడుగుల వెనక. ఆమెకు పరిగెత్తి వాడి చెయ్యి పట్టుకోవాలని ఉంది, పట్టుకుంటే ఏమవుతుందోనని భయంగా ఉంది. నడవ సగం దాటాక, ఊరికే నడవడం బాగుండదన్నట్టు రేచన అడిగాడు.

"మీకు అన్నదమ్ములెవరూ లేరామ్మా?"

"ఉన్నాడయ్యా. ఒక్క తమ్ముడు," అంది కుందమ. "వాణ్ణి ఇంటికి తీసుకుపోవాలనే నా ఆరాటమంతా."

"పాపం," అన్నాడు రేచన. నాలుగు అడుగులు వేశాడు. వెనక రాతి కాళ్ళు ఒక్కొక్కటే నేల మీంచి లేస్తున్న చప్పుడు వినబడి, తల తిప్పకుండానే కత్తి పిడి మీద చెయ్యి వేశాడు.